24 అనుకుంటే 23.976 అయింది

కథ కుదరడానికి ఏడాది పట్టింది. నటులు దొరకడానికి ఇంకో నాలుగు నెలలు. సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు తీయాలి అన్న ప్రశ్న మాత్రం షూటింగ్ పది రోజుల్లో పడిందనగా గానీ నాకు తట్టలేదు. సినిమా అంటే 24 కదా, ఇంకేముంది ఆలోచించడానికి అనుకున్నాను. మా కెమెరామన్ మెనూ తెరిచి నా ముందు పెట్టాడు. 23.98, 24, 25, 29.97, 50, 60. "ఏది పెట్టమంటావు?" అన్నాడు. నేను నోరెళ్లబెట్టాను.

ఎడిటింగ్ చేసే కుర్రాడు వెంటనే అందుకున్నాడు. "60లో తీసేద్దాం అన్నా. కావాలంటే తర్వాత 24కి దించుకోవచ్చు." వినడానికి బాగానే ఉంది. అయినా మాటలతో తేలేది కాదని ఒక పూట టెస్టుకి కేటాయించాం. కిటికీ పక్కన కూర్చుని ఒకావిడ బట్టలు మడతపెడుతుంటుంది, అంతే. అదే షాట్ 24లో, 25లో, 60లో తీశాం.

60లో ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. చీర అంచు గాల్లో లేచి పడడం కూడా పదునుగా తెలిసింది. కానీ లైవ్‌లో మ్యాచ్ చూస్తున్నట్టు ఉంది తప్ప కథ చూస్తున్నట్టు లేదు. 24లో చేయి కదిలినప్పుడల్లా కొంచెం చెదిరింది. ఆ చెదరడమే నాకు కావలసింది. ఇక ఆ 60ని 24కి దించి చూస్తే అసలు కథ బయటపడింది. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది. అర ఫ్రేము ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకసారి రెండు, ఒకసారి మూడు ఫ్రేములు దాటుకుంటూ పోయింది. చేయి కుంటుతున్నట్టు కదిలింది. పైగా 60లో ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికి వదిలే షట్టర్ సెకనులో 120వ వంతు సేపే తెరుచుకుంటుంది. 24తో పోలిస్తే వెలుతురు రెండున్నర రెట్లు తక్కువ. మా దగ్గర ఉన్నదే ఒక కిటికీ, మూడు లైట్లు. కుర్రాడు ఇంకేం మాట్లాడలేదు.

ఈ 24 అనే అంకె కూడా కంటికి ఇంతే చాలని ఎవరో ఋషి చెప్పింది కాదు. మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, వేగం ఎవరి చేతివాటం వాళ్లది. 1920ల చివర్లో మాటలు వచ్చాక వేగం మారితే గొంతు మారిపోతుంది కాబట్టి ఒక అంకె దగ్గర ఆగక తప్పలేదు. 24 దగ్గర 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. శబ్దం పాడవకుండా, ఫిల్ము మరీ ఖర్చవకుండా కుదిరిన బేరం అది. మనం దానికి అలవాటుపడిపోయాం, అంతే.

అసలు తలనొప్పి 24కీ 25కీ మధ్య. మేం తీసేచోట కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. 25లో మామూలు 180 డిగ్రీల షట్టర్ (ఫ్రేము సమయంలో సగం సేపు తెరుచుకునేది) పెడితే ఒక్కో ఫ్రేముకి సెకనులో 50వ వంతు, సరిగ్గా రెండు మినుకులు. గొడవే లేదు. 24లో అది 48వ వంతు అవుతుంది, లెక్క కొద్దిగా తప్పుతుంది. టెస్టులో వెనక గోడ మీద వెలుగు ఊపిరి తీస్తున్నట్టు పెరిగి తరిగింది. అందుకని నా మనసు 25 వైపు మొగ్గింది. కానీ సినిమాని థియేటర్‌లో వేయాలంటే డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌కి ఇచ్చే డిజిటల్ కాపీ) కావాలి, ఎక్కడైనా ఇబ్బంది లేకుండా ఆడేది 24 డీసీపీ. 25లో తీసింది 24లో వేస్తే 100 నిమిషాల సినిమా మరో నాలుగు నిమిషాలు సాగుతుంది, గొంతులు బరువెక్కుతాయి. వాటిని మళ్లీ సరిచేయాలి. ఆ తంటా నాకొద్దనిపించింది.

దారి కెమెరామనే చూపించాడు. ఫ్రేమ్ రేట్ 24లోనే ఉంచి షట్టర్‌ని 180 నుంచి 172.8 డిగ్రీలకి తగ్గించాడు. దాంతో 24లోనూ సెకనులో 50వ వంతే వచ్చింది, గోడ కుదుటపడింది. ఒక్క ఎల్ఈడీ లైటు మాత్రం లొంగలేదు. డిమ్ చేస్తే చాలు, తెర మీద నల్లటి గీతలు. చివరికి దాన్ని పూర్తి వెలుగులోనే ఉంచి ముందు తెల్లటి గుడ్డ కట్టాం.

24లో పడిన ఇబ్బంది కూడా చెప్పాలి. పుస్తకాల బీరువా మీదుగా మూడు సెకన్లలో కెమెరాని పక్కకి తిప్పుతూ ప్యాన్ చేశాం. నిలువు గీతలన్నీ టకటకా ఎగిరాయి. ఒక వస్తువు తెరకి ఈ చివర నుంచి ఆ చివరికి చేరడానికి కనీసం ఏడు సెకన్లు ఇవ్వమంటారు కెమెరావాళ్లు. అంత తీరిక ఆ సీనులో లేదు. నటుణ్ణి బీరువా ముందు నడిపించి కెమెరా అతన్నే పట్టుకుని వెళ్లేలా మార్చాం. చూపు మనిషి మీద ఉంటే వెనక ఎగిరేది పట్టదు. స్లో మోషన్ ఒక్క షాటే, దాన్ని 48లో తీసేశాం.

ఇంత లెక్క చూసుకున్నా దెబ్బ తిన్నది వేరేచోట. ఒక పెద్ద గొడవ సీనుకి రెండో కెమెరా అరువు తెచ్చాం. దాని మెనూలో 24 అనే ఉంది. లోపల రికార్డయింది 23.976 (మా కెమెరా మెనూలో 23.98 అని ఉన్నది ఇదే). అమెరికాలో 1953లో కలర్ టీవీ కోసం సెకనుకి 30 ఫ్రేములని 29.97కి తగ్గించారు, ఆ 0.1 శాతం తోక 24కి కూడా తగిలింది. టైమ్‌లైన్‌లో మా 24 ఫ్రేముల షాట్ల పక్కన వేశాక దాదాపు ప్రతి 42 సెకన్లకి ఒక ఫ్రేము రెండుసార్లు పడింది. మామూలు షాట్లలో తెలియలేదు. కెమెరా మెల్లగా ముందుకు జరిగే షాట్‌లో మాత్రం చిన్న ఎక్కిలిలా తగిలింది. సరే అని ఆ క్లిప్పులన్నీ 24గా మార్చాం. ఎక్కిలి పోయింది, సింక్ పోయింది. ఎనిమిది నిమిషాల టేక్ చివరికొచ్చేసరికి బొమ్మ అర సెకను ముందుకెళ్లిపోయింది. పెదవులు ముందు, మాట వెనక. రెండు రాత్రులు టెన్షన్ పడ్డాక, ఆ టేకుల సౌండుని కూడా అదే 0.1 శాతం వేగం పెంచితే సరిపోయింది. చెవికి తేడా తెలియదు.

క్లాప్ బోర్డు మీద ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అని ఒక గడి ఉంటుంది. షూటింగ్ మొత్తం దాన్ని ఖాళీగానే వదిలేశాం. రషెస్ (తీసిన షాట్లు) అన్నీ తిరగేస్తే ఒకే ఒక్క చోట అసిస్టెంటు శ్రద్ధగా 24 అని రాసి కనిపించాడు, ఆ రెండో కెమెరా ముందు.