రెండో లీటరు

కడుపులో కుడిపక్క కింద నొప్పి మొదలై నాలుగు నెలలు దాటింది. పొద్దుగూకితే ఒళ్ళు వెచ్చబడేది. రోజుకు నాలుగైదు సార్లు విరేచనాలు. ఒకరు గ్యాసన్నారు, ఇంకొకరు అమీబియాసిస్ అన్నారు. మాత్రలు మారాయి, నొప్పి పోలేదు. 54 కిలోల దాన్ని 46కు వచ్చాను. స్కానింగులో పెద్దపేగు మొదట్లో గోడ దళసరిగా కనబడితే, తిరుపతిలో గ్యాస్ట్రో డాక్టరు కొలనోస్కోపీ రాశారు, అంటే కెమెరా ట్యూబుతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష.

మొదటిసారి అది సగంలోనే ఆగిపోయింది. మూడు రోజులు పీచు, గింజలు, ఆకుకూరలు, రాగి వద్దని చీటీలో ఉంది. సంగటి లేందే మా ఇంట్లో పూట గడవదు. ఇంకా రెండ్రోజులుంది కదా అని సంగటి, టమోటా ఊరిబిండి తిన్నాను. రెండో తప్పు ఇంకా పెద్దది. పేగు శుభ్రం చేసే పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్ళలో ఒకటి సాయంత్రం తాగేసరికే లోపల ఏమీ మిగల్లేదనిపించింది. తెల్లవారుజామున తాగాల్సిన లీటరు వదిలేశాను.

"గోడకంతా పిప్పి అంటుకోనుంది మా. చూడాల్సిన చోటే కనపడలా. మళ్ళీ రావాల" అన్నారు డాక్టరు.

పొద్దున లీటరు అంత ముఖ్యమా అని అప్పుడడిగాను. ఆయన చీటీ వెనక పేగు బొమ్మ గీశారు. పెద్దపేగు దాదాపు ఐదడుగులు. ట్యూబు పోయేది కిందనుంచి. నా నొప్పి ఉన్నది ఆ ఐదడుగుల కొసన, చిన్నపేగు వచ్చి కలిసే మూల. రాత్రికి శుభ్రపడినా తెల్లారేలోపు చిన్నపేగు నుంచి పసరు దిగి ఆ మూలలోనే చేరుతుంది. రెండో లీటరు కడిగేది దాన్నే. ఈ మాట ముందే ఎవరైనా చెప్పుంటే ఆ లీటరు వదిలేదాన్నే కాదు. చీటీ ఇచ్చి పంపితే చాలదు, ఎందుకో కూడా రోగికి చెప్పాలి.

రెండోసారి అమ్మ రాగిపిండి డబ్బా అటక మీద పెట్టేసింది. తెల్లన్నం, ఇడ్లీ, పలచటి మజ్జిగతో గడిపాను. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమన్నారు. (షుగరు మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఏదీ ఆపకూడదు.) చివరి రోజు టెంకాయ నీళ్ళు, పాలు లేని టీ, అంతే.

పొడి కలిపిన నీళ్ళు ఉప్పగా, జిడ్డుగా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే కొంత మేలు. పదిహేను నిమిషాలకొక గ్లాసు. విరేచనాలతో కింద మంట పుట్టకుండా ముందే టెంకాయ నూనె రాసుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ దీపం పెట్టి, నా పక్కన కూర్చుని గ్లాసు గ్లాసుకూ గోడ మీద సుద్దతో గీత గీసింది. మూడో గ్లాసుకు వాంతి వచ్చినట్టయింది. "రోంత సేపు ఆగి తాగు నాయనా, వదలబాక" అంది. ఆగాను, తాగాను. ఆరింటికల్లా బయటికి వచ్చేది లేత పసుపు నీళ్ళే, అడుగు కనబడేంత తేటగా.

మత్తిచ్చారు కాబట్టి పరీక్ష గుర్తులేదు. ఆ మూలలో పుండ్లు కనబడ్డాయి. ముక్క తీసి పంపితే పేగు టీబీ అని తేలింది. అమ్మ ముఖం తెల్లబోయింది. "ఆరోగ్యవరం పోవాల్నా?" అని అడిగింది. ఆమె చిన్నప్పుడు టీబీ అంటే మదనపల్లె దగ్గరున్న ఆ ఆసుపత్రే మరి. ఇప్పుడు ఇంట్లోనే మందులు: రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది, తిండికని నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేసింది. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే భయపడ్డాను, అది మందు రంగేనట. మూడో వారానికి సాయంత్రం జ్వరం ఆగింది.

ఆరు నెలలయ్యాక మళ్ళీ కొలనోస్కోపీ. ఈసారి రెండో లీటరు నేనే అలారం పెట్టుకుని లేచి తాగాను. పుండ్లున్న చోట తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది. ఆ ఫోటో అమ్మకు చూపించాను. అద్దాలు పెట్టుకుని, వేలితో ఆ మచ్చను తడిమింది.