ఇది ఏ కిర్బీ? పాత వాక్యూమ్ మోడల్ కనిపెట్టిన నా అనుభవం

అమెరికాలో కొన్నాళ్లున్న తెలుగువాళ్లకి కిర్బీ వాక్యూమ్ క్లీనర్ అనగానే ఇంటికొచ్చి ఇచ్చే డెమో గుర్తొస్తుంది. మన కార్పెట్ మీదే మిషన్ తిప్పి, తిప్పినప్పుడల్లా ఒక తెల్ల గుడ్డముక్కకి దుమ్ము పట్టించి, వాటిని మన కళ్లముందే వరసగా పరుస్తారు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఏం ఊడ్చామా అని సిగ్గేస్తుంది. ధర చెప్పగానే ఆ సిగ్గు ఎటుపోతుందో తెలీదు.

నేను కొత్తది ఎప్పుడూ కొనలేదు. మేముండే ఒహాయోలో ఎస్టేట్ సేల్స్‌కి, అంటే ఒక ఇంట్లో సామానంతా అమ్మేసే చోటికి, వెళ్తే గ్యారేజీ మూలల్లో పాత కిర్బీలు తరచుగా తగులుతుంటాయి. ఉండవా మరి, అవి తయారైంది ఇక్కడి క్లీవ్‌లండ్‌లోనే. ఆ కంపెనీ మొదట 1914లో స్కాట్, ఫెట్జర్ అని ఇద్దరు కలిసి పెట్టిన మెషిన్ షాపు. జిమ్ కిర్బీ డిజైన్ చేసిన క్లీనర్లు అమ్ముతూ పెద్దదై, 1986లో వారెన్ బఫెట్ కంపెనీ బర్క్‌షైర్ చేతికొచ్చింది. అలాంటి ఒక సేల్‌లో పోత అల్యూమినియం ఒళ్లు, ముందు హెడ్‌లైట్, వెనక గుడ్డ సంచీ ఉన్న నిలువు వాక్యూమ్ ఒకటి చవగ్గా దొరికింది. "ఇంట్లో ఉన్నది చాలదా?" అంది మా ఆవిడ. ప్లగ్ పెడితే తిరిగింది. కాకపోతే కాలుతున్న వాసన, లోపల నిప్పురవ్వలు. తిరిగే మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినట్టున్నాయి. సంచీలో వేసే పేపర్ బ్యాగు కూడా కొత్తది కావాలి. ఈ రెండూ కొనాలంటే ముందు మోడల్ పేరు తెలియాలి.

చూడ్డానికి సులువే అనిపించింది. సంచీ మీద పెద్దక్షరాలతో హెరిటేజ్ అని మోడల్ పేరు ఉంది కదా! కానీ ముందు భాగం తీరు హెరిటేజ్ ఫోటోలతో కలవలేదు. హ్యాండిల్ ఒక రంగు, చుట్టూ ఉన్న రబ్బరు బంపర్ ఇంకో రంగు. రంగును బట్టి పోల్చుకుందామని పాత ప్రకటనలు తిరగేశాను. ఒక్కదానితోనూ సరిపోలేదు.

మా ఊళ్లో వాక్యూమ్‌లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఫోటోలు చూపిస్తే సరిగా చూడను కూడా చూడలేదు. "సంచీ చూడకు, హ్యాండిల్ చూడకు, రంగు అసలే చూడకు. తిరగేసి వెనక చక్రాల దగ్గర ప్లేటు చూడు" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పాకే అర్థమైంది. కిర్బీ తయారీయే ఊడదీసి బిగించుకునే పద్ధతిలో ఉంటుంది. ముందున్న నాజిల్ ఊడొస్తుంది, అక్కడ గొట్టం తగిలించుకోవచ్చు. సంచీ ఊడొస్తుంది, హ్యాండిల్ ఊడొస్తుంది. పాత మిషన్లను కొత్తగా చేసి అమ్మే షాపులవాళ్లు అల్యూమినియాన్ని బఫింగ్ పట్టించి అద్దంలా మెరిపిస్తారు. ఆపైన చేతికందిన సంచీ, దొరికిన రంగు బంపర్, వేరే ఏడాది హ్యాండిల్ తగిలించి అమ్మేస్తారు. అందులో మోసమేమీ లేదు, అన్నీ చక్కగా పనిచేస్తాయి. మోడల్ కనుక్కుందామనుకునేవాడికే కష్టం.

ప్లేటు మీద గ్రీజూ దుమ్మూ కలిసి గట్టిపడిపోయి ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో తోమితే అక్షరాలు బయటపడ్డాయి: 2సీబీ.

ఈ కోడ్‌ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే తికమకంతా ఇక్కడే ఉంది. 1970లలో వచ్చిన క్లాసిక్ కోడ్ 1సీఆర్. దాని తరవాత క్లాసిక్ ఒమేగా వచ్చింది. 1976లో వచ్చినదాని పేరు క్లాసిక్ త్రీ. క్లాసిక్ టూ ఏదని వెతక్కండి, ఆ పేరుతో మోడలే లేదు, ఒమేగానే రెండోదిగా లెక్కేసుకున్నారు కాబోలు. పైగా ఈ క్లాసిక్ త్రీ కోడ్ 2సీబీ. మరి 3సీబీ? అది 1979లో వచ్చిన ట్రెడిషన్. పేరులో మూడున్నదానికి కోడ్‌లో రెండు, పేరులో అంకే లేనిదానికి కోడ్‌లో మూడు! ఈ పేర్లు పెట్టినవాళ్లెవరోగానీ మన ఇంటిపేర్ల చిక్కుని మించిపోయారు. 1981 హెరిటేజ్‌కి 1హెచ్‌డీ, 1984 హెరిటేజ్ టూకి 2హెచ్‌డీ. ఇక్కడికొచ్చాక దారిలో పడ్డారు.

అంటే నా మిషన్ క్లాసిక్ త్రీ, దాని వెనక వేలాడుతున్నది హెరిటేజ్ సంచీ. కార్బన్ బ్రష్‌లు క్లాసిక్ త్రీవి కొన్నాను, సరిపోయాయి. అదే పేరు చెప్పి పేపర్ బ్యాగులు కూడా అడగబోతుంటే పెద్దాయన ఆపాడు. పేపర్ బ్యాగు మోటారుకి తగిలేది కాదట, బయటి సంచీలో ఉండే గొట్టానికి తగిలేదట. కాబట్టి బ్యాగు కొనేటప్పుడు అడుగున ప్లేటు ఏం చెప్పినా పట్టించుకోకూడదు, సంచీ ఏ మోడల్‌దో అదే చూసుకోవాలి. ట్రెడిషన్ సంచీకి స్టైల్ 1, మొదటి హెరిటేజ్‌కి స్టైల్ 2, హెరిటేజ్ టూ నుంచి స్టైల్ 3. నాకు కావలసింది స్టైల్ 2. ప్లేటు చదివి మురిసిపోతూ ఇంకో రకం తెచ్చుకునుంటే అది గొట్టానికి పట్టేది కాదు, దుమ్మంతా హాలులోకే వచ్చేది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఇది ఏ మోడల్?" అని అడిగితే "ఏ సామాను కొందామని?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. మోటారుకో ఫ్యానుకో అయితే ప్లేటు. బ్యాగుకైతే సంచీ. నాజిల్ బ్రష్‌రోలుకైతే, అంటే లోపల తిరుగుతూ కార్పెట్ దులిపే బ్రష్‌కైతే, నాజిల్ విప్పి, పాత రోలు తీసి, కొత్తదాని పక్కన పెట్టి చూసుకోవడం మేలు. ఫోటోల్ని నమ్ముకోవద్దు.

విప్పుతున్నప్పుడే ఫ్యాను కూడా చూసుకోండి, ప్లగ్ పీకేశాకే సుమా. ఈ రకం వాక్యూమ్‌లో చెత్త ముందు ఫ్యాను గుండా వెళ్లి ఆ తరవాతే సంచీలో పడుతుంది. చిల్లర నాణెమో ఇనప మేకో లోపలికెళ్తే దెబ్బ తగిలేది ఫ్యాను రెక్కకే. నాజిల్ తీస్తే ఎదురుగానే కనిపిస్తుంది. ఒక రెక్క విరిగినా మిషన్ గడగడా వణుకుతుంది. నాదాంట్లో రెక్కలన్నీ బాగానే ఉన్నాయి.

డాలస్‌లో ఉన్న తమ్ముడివరస కుర్రాడొకడు ఈమధ్య ఫోన్ చేశాడు. "అన్నా, నా దగ్గరా ఒక కిర్బీ ఉంది, ఏ కాలందో చెప్పగలవా?" ఫోటో అడగలేదు. కింద ఎన్, డీ అని కాలితో నొక్కే పెడల్ ఉందా అని మాత్రం అడిగాను. ఉందన్నాడు. అది కారు గేర్ లాంటిదే. డీలో పెడితే మిషన్ దానంతటదే ముందుకీ వెనక్కీ కదులుతుంది, మనం తొయ్యక్కర్లేదు. 1990లో జనరేషన్ త్రీతో వచ్చిన సదుపాయం అది. అది ఉందంటే క్లాసిక్, హెరిటేజ్ అన్నీ ఒక్క దెబ్బతో కొట్టేసినట్టే. తరవాత ప్లేటు మీద జీ3డీ ఉందా, జీ4డీ ఉందా, జీ5డీ ఉందా, ఇంకేదైనా ఉందా చూసుకుంటే చాలు. వాడిది జీ4డీ.

వాడికి అంతటితో తృప్తి కలగలేదు. మిషన్ని కంటైనర్‌లో వేసి హైదరాబాద్ పంపుదామని ఉందన్నాడు. ఆ ప్లేటు మీదే వోల్టేజ్ ఎంతని రాశాడో చదవమన్నాను. 120 అన్నాడు. మన ఊళ్లో గోడలో వచ్చేది 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే మోటారు కాలిపోతుందని చెప్పాను. ఆ మోటారు లాగే వాట్లకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువు కూడా చెప్పేసరికి, "వదిన ఎలా ఉంది అన్నా?" అంటూ మాట మార్చాడు.