దేవకమ్మ అడిగిన ఆరుగురు

కృష్ణాష్టమి ముందు రోజు రాత్రి పాదాల ముగ్గుకి బియ్యం నానబోస్తుంటే మా చిన్నది గిన్నెలో చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అంది. ఇంకో నెలలో దానికి మూడేళ్ళు నిండుతాయి. ఇప్పుడు ఇంట్లో ఏం కనిపించినా "ఎవరికి?" అనే అడుగుతోంది. "కృష్ణుడి పాదాలకి" అన్నాను. "కృష్ణుడు బేబీనా?" అంది. "అవును, బేబీయే." అంతే, గిన్నె వదిలేసి నా దగ్గరికొచ్చి కుర్తా పైకెత్తి నా పొట్టవైపు చూసింది. ఏమీ అనలేదు. చూసి, మళ్ళీ బియ్యం దగ్గరికి వెళ్ళిపోయింది.

తప్పు మాదే. నాకు రెండో నెల నిండగానే ఆగలేక దానికి చెప్పేశాం. "అమ్మ బొజ్జలో బేబీ ఉంది" అని. అప్పటినుంచి పొద్దున్నే లేచి నా పొట్టకి చెవి ఆనించి, "బేబీ బజ్జుంది" అని తనే చెప్పి, పాలు తాగడానికి వెళ్ళేది. దాని పాత మేజోళ్ళు అడుగు అరలోంచి లాక్కొచ్చి నా దిండు కింద పెట్టింది. బేబీకట.

ఆషాఢం మొదట్లో, పదో వారం స్కాన్. ఏడో వారంలో గుండె కొట్టుకోవడం చూశాం కాబట్టి ధైర్యంగానే వెళ్ళాను. స్కాన్ చేస్తున్న అమ్మాయి మొదట్లో కబుర్లు చెప్పింది, "పాప ఏ స్కూల్?" అని కూడా అడిగింది. కాసేపటికి మాట ఆపేసింది. స్క్రీన్ మెల్లిగా తనవైపు తిప్పుకుంది. నాకు అక్కడే అర్థమైపోయింది. మిగతాదంతా ఆసుపత్రి పని. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంటికొచ్చాక మా ఆయన నా ఫోన్ తీసుకుని, "ఈ వారం మీ బేబీ ద్రాక్షపండంత" అంటూ వారం వారం పలకరించే ఆప్ ఒకటి ఉంటే అది తీసేశారు. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

చిన్నది మాత్రం అడిగింది. "బేబీ ఏది?" "వెళ్ళిపోయిందమ్మా." కాసేపు ఆలోచించింది. "టాటా చెప్పిందా?"

నేను బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పుకున్నాను.

మన దగ్గర దీన్ని అబార్షన్ అయింది అంటారు, కడుపు పోయింది అంటారు, నిలవలేదు అంటారు. చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. తర్వాత ఓదార్పు మొదలవుతుంది. "తొందరగా పోయింది, ఇంకా నయం." "ఏదైనా మంచికే." "బొప్పాయి గానీ తిన్నావా?" లిఫ్ట్ పాడైన రోజు చిన్నదాన్ని ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కిన సంగతి ఎవరో పట్టుకున్నారు, "పన్నెండు కిలోల పిల్లని ఎత్తుకుని మెట్లెక్కావట కదా" అన్నారు. ఆ మాట ఎన్ని రాత్రులు నమిలానో. డాక్టర్ గారు విడమరిచి చెప్పారు: తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా పోతాయి, తొలి మూడు నెలల్లో పోయేవాటిలో సగానికి పైగా క్రోమోజోముల తేడా వల్లే, అది మెట్లెక్కితే వచ్చేదీ కాదు, ఎక్కకపోతే ఆగేదీ కాదు అని. బుద్ధికి ఎక్కింది. కానీ దేవకికి వేలు చూపించడానికి కంసుడున్నాడు. నాకు ఎవరూ దొరక్క నన్నే పట్టుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట, ప్రేమగా అన్న మాట కూడా: "ఉన్నదాన్ని చూసుకో తల్లీ. బంగారం లాంటి పిల్ల ఉంది." నిజమే, బంగారమే. అది పక్కన పడుకుని కాలు నా మీద వేస్తే ప్రాణం లేచొస్తుంది. మరి లోపల ఖాళీ ఎందుకు పూడట్లేదో తెలిసేది కాదు. పిల్లని చాలినంతగా ప్రేమించడం లేదేమో అని కొత్త బాధ ఒకటి మొదలైంది.

మా అత్తయ్య అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి, హైదరాబాదులో మా దగ్గరే ఉంటున్నారు. పాతకాలం మనిషి. కబురు తెలియగానే పురోహితుల వారికి ఫోన్ చేసి మైల ఎన్ని రోజులని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు కూడా మైలేనా! తర్వాత తెలిసింది, గర్భం పోతే ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రులు పాటించమని మనుస్మృతి లెక్క. "రాత్రిభిర్మాసతుల్యాభిః" అని ఉంది. అంటరానితనం మాట నాకు ఇప్పటికీ నచ్చదు. కాకపోతే ఆ లెక్క దగ్గర మాత్రం ఆగాను. నెలకో రాత్రి. ఇంకా పేరు కూడా లేని ప్రాణానికి ఎవరో ఒకరు కూర్చుని రాత్రులు లెక్కగట్టారు. ఆఫీసులో సెలవు అడిగితే, "అంటే, జ్వరమా?" అన్నారు నన్ను.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి పిలిచిన ఇళ్ళలో సగం వాటికి వెళ్ళలేదు. అత్తయ్య ఈ నెలలో రోజూ సాయంత్రం భాగవతం దశమ స్కంధం చదువుతారు. ముందు శ్లోకం, తర్వాత తాత్పర్యం, పైకే చదువుతారు. నేను పక్కన కూర్చుని చిన్నదానికి పప్పన్నం పెడుతుంటాను. చెవిన పడేది పడుతుంది, పడనిది పోతుంది. ఆ రోజు రెండో అధ్యాయంలో ఈ శ్లోకం పడింది:

గర్భే ప్రణీతే దేవక్యా రోహిణీం యోగనిద్రయా
అహో విస్రంసితో గర్భ ఇతి పౌరా విచుక్రుశుః

యోగమాయ దేవకి ఏడో గర్భాన్ని రోహిణి కడుపులోకి చేర్చింది. ఊరివాళ్ళకి ఆ సంగతి తెలియదు. "అయ్యో, దేవకి గర్భం జారిపోయిందే!" అని గొంతెత్తి ఏడ్చారు.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఈ కథ చిన్నప్పటినుంచీ వింటున్నదే. బలరాముడికి సంకర్షణుడనే పేరు ఎందుకొచ్చిందంటే ఇలా అని బళ్ళో టీచరు కూడా చెప్పారు. కానీ చెప్పేవాళ్ళందరూ రోహిణి దగ్గరికి, గోకులానికి, తెల్లటి బలరాముడి దగ్గరికి గబగబా వెళ్ళిపోతారు. మధురలో ఆ రోజు ఏం జరిగిందో ఎవరూ ఆగి చెప్పలేదు. మధురలో ఆ రోజు ఒక గర్భం పోయింది. వాళ్ళకి తెలిసినంతలో అంతే. భాగవతం ఆ వార్త కోసం ఒక శ్లోకం కేటాయించింది.

ఇందులో "పౌరాః" అన్న మాట నన్ను వదల్లేదు. ఏడ్చింది ఊరు. కంసుడి ఊరు, నోరెత్తితే తల పోయే ఊరు. చెరలో ఉన్న ఆడమనిషి కడుపు పోయిందని వీధిలో నిలబడి ఏడ్చారు. మనమేమో మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దంటాం. దిష్టి అంటాం, ఆనవాయితీ అంటాం. పోతే ఎవరికీ తెలియకుండా ఉంటుందనే కదా అందులో ఉన్న జాగ్రత్త? తెలియకపోతే ఏడ్చేవాళ్ళు మాత్రం ఎక్కడినుంచి వస్తారు?

అత్తయ్య నా మొహం చూశారో ఏమో, పుస్తకం పది శ్లోకాలు వెనక్కి తిప్పి ఐదో శ్లోకం మీద వేలు పెట్టారు. ఏడో గర్భం నిలిచిన ముచ్చట అక్కడుంది. "గర్భో బభూవ దేవక్యా హర్షశోకవివర్ధనః." దేవకికి సంతోషాన్నీ దుఃఖాన్నీ కలిపి పెంచిన గర్భమట. ఒకసారి పోగొట్టుకున్నాక మళ్ళీ నెల తప్పిన ఏ ఆడదాన్నైనా అడగండి, ఆ సమాసం విప్పి చెబుతుంది. ఇప్పటి మాటలో టెన్షన్ అంటాం.

ఒక్కటి చెప్పాలి. మా చుట్టాల్లో బాగా చదువుకున్న ఒక పెద్దాయన, "దేవకి బిడ్డ పోలేదమ్మా, ఇంకో చోట పెరిగాడు, నీ బిడ్డా అంతే అనుకో" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను అనుకోలేకపోయాను. నా బిడ్డ ఏ గోకులంలోనూ పెరగడం లేదు. దేవకి మిగతా ఆరుగురి సంగతీ అంతే కదా. వాళ్ళకి రోహిణి లేదు. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు.

వాళ్ళ కథ ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. అత్తయ్యే చెప్పారు. ఎనభై ఐదో అధ్యాయంలో ఉంది, అది చాలామంది చదవరట.

అప్పటికి కృష్ణుడు చిన్నవాడు కాదు. కంసుడు పోయి ఎన్నేళ్ళో అయింది. ద్వారక కట్టాడు, పెళ్ళిళ్ళయ్యాయి, కొడుకులు, మనవలు. దేవకి నిండు సంసారంలో కూర్చున్న పెద్ద ముత్తయిదువ. వసుదేవుడు కొడుకుల్లో పరమాత్మను చూసి స్తోత్రం చేస్తాడు, కృష్ణుడు తత్త్వం చెబుతాడు. మగవాళ్ళ మధ్య మంచి వేదాంత చర్చ. అక్కడే కూర్చున్న దేవకి అందులో తల పెట్టలేదు. సాందీపని గురువుగారి చనిపోయిన కొడుకును వీళ్ళిద్దరూ తెచ్చిచ్చారని ఆమె విని ఉంది. కళ్ళనీళ్ళు పెట్టుకుని, దీనంగా అడిగింది: కంసుడు చంపిన నా పిల్లల్ని ఒకసారి చూడాలని ఉంది, అలాగే తెచ్చి చూపించండి అని.

"ఉన్నవాణ్ణి చూసుకో" అని ఆమెతో కూడా ఎందరన్నారో! ఆమెకున్నది మామూలు కొడుకా? ఎదురుగా కృష్ణుడు, పక్కన బలరాముడు. అంతటివాళ్ళని కన్న తల్లి కూడా, ఇన్నేళ్ళ తర్వాత, ఆ ఆరుగురి కోసం ఏడ్చింది. కృష్ణుడు ఉండగా వాళ్ళెందుకని ఆమెకి తోచలేదు. వాళ్ళ కోసం ఏడిస్తే కృష్ణుడు తక్కువైపోతాడనీ తోచలేదు.

కృష్ణుడు ఏమన్నాడో చూద్దామని తాత్పర్యం రెండుసార్లు చదివించుకున్నాను. ఏమీ అనలేదు. అప్పటిదాకా తండ్రికి తత్త్వం చెప్పినవాడు తల్లికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఆరుగురూ మరీచి కొడుకులనీ, బ్రహ్మను చూసి నవ్వి శాపం పాలయ్యారనీ పెద్ద కథే ఉంది. అదంతా ఆ పిల్లలున్న సుతలమనే అధోలోకానికి వెళ్ళి బలి చక్రవర్తికి చెప్పాడు. కర్మ, శాపం, కారణం, అన్నీ బలికే. అమ్మకి మాత్రం అడిగిన పిల్లల్ని తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "మాతృశోకాపనుత్తయే" అని బలితో అన్న మాట, అమ్మ దుఃఖం తీర్చడానికి తీసుకెళ్తున్నామని.

ఆ పిల్లల్ని చూడగానే దేవకికి పాలు చేపాయి. దగ్గరికి తీసుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మళ్ళీ మళ్ళీ వాళ్ళ మాడు వాసన చూసింది. "మూర్ధ్న్యజిఘ్రదభీక్ష్ణశః." ఇది రాసినాయన తల్లుల్ని దగ్గరగా చూసి ఉండాలి. నేనూ రోజుకి పదిసార్లు చేసే పనే ఇది. మా చిన్నదాని మాడు మీద కొబ్బరినూనె, సాంబ్రాణి, ఎండలో ఆడిన చెమట కలిసి ఒక వాసన ఉంటుంది. నాకు తెలియనిది ఇంకొక తల వాసన. దేవకికి కూడా అంతవరకూ తెలియదు.

అష్టమి రోజు సాయంత్రం పాదాలు వేశాం. నేను పిడికిలి అద్ది వేద్దామనుకున్నాను, చిన్నది ఒప్పుకోలేదు, తన కాలే పెడతానంది. పళ్ళెంలో పిండి కలిపి దాని పాదాలు ముంచి గడప దగ్గర నిలబెట్టాను. నాలుగడుగులు బుద్ధిగా వేసింది. తర్వాత కుక్కర్ విజిల్ వినపడి వెనక్కి పరిగెత్తింది, మళ్ళీ లోపలికి, సోఫా చుట్టూ, బాల్కనీలోకి. ఇల్లంతా పాదాలు, కొన్ని వచ్చేవి, కొన్ని వెళ్ళేవి. తుడవబోతే అత్తయ్య ఆపారు. "పోనీలే, వచ్చినవాడు ఇంట్లో తిరగడా?"

నైవేద్యానికి అటుకులు, వెన్న, మీగడ పెరుగు. వాటితో పాటు అత్తయ్య కాయం ఉండలు చేశారు, శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యితో. బాలింతలకి పెట్టే కాయమే. ఈ రాత్రికి దేవకీదేవి బాలింత కదా, బిడ్డకి వెన్న పెట్టి తల్లిని మరిస్తే ఎలా అని వాళ్ళ పుట్టింటి ఆనవాయితీ. హారతి అయ్యాక మొదటి ఉండ తీసి నా చేతిలో పెట్టారు. "తిను. నీకు అప్పుడే పెట్టాల్సింది, నాకు తట్టలేదు. పుట్టినా పోయినా పచ్చి ఒళ్ళు పచ్చి ఒళ్ళే." ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఘాటుకేనని అనుకున్నారు అందరూ. అత్తయ్య అనుకోలేదు.

చిన్నది కథ చెప్పమంది. కృష్ణుడి వెన్న కథలు దానికి వచ్చు, కొత్తది కావాలంది. ఈ కథే చెప్పాను, కత్తులూ శాపాలూ తీసేసి. ఒక అమ్మకి ఆరుగురు బుజ్జి పిల్లలు దూరంగా వెళ్ళిపోయారు. అమ్మ వాళ్ళని చూడాలంది. కృష్ణుడు తీసుకొచ్చాడు. అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, పాలిచ్చింది, తల వాసన చూసింది. ఇక్కడ తల వంచి నా ముక్కు దగ్గర పెట్టింది, చూశాను.

"తర్వాత?"

"తర్వాత వెళ్ళిపోయారు."

"టాటా చెప్పారా?"

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం వెతికి, ఆ శ్లోకం పైకి చదివారు. "తే నమస్కృత్య గోవిందం దేవకీం పితరం బలమ్." వాళ్ళు గోవిందుడికి, దేవకికి, నాన్నకి, బలరాముడికి దండం పెట్టి, అందరూ చూస్తుండగా వెళ్ళారట.

"చెప్పారమ్మా" అన్నాను. "అమ్మకి దండం పెట్టి వెళ్ళారు."

"అయితే సరే" అంది. ఇంకాస్త వెన్న పెట్టమని అరచెయ్యి చాపింది.