అత్తగారి థైరాయిడ్ మాత్రలు – ప్రభుత్వ పరీక్ష

చెన్నై పెరంబూరులో మాతో ఉంటున్న మా అత్తగారికి ఏళ్ల తరబడి అదుపులో ఉన్న థైరాయిడ్, మాత్ర మోతాదు మారకపోయినా అదుపు తప్పింది. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే ఎక్కువయ్యే టి.ఎస్.హెచ్. రక్తపరీక్షలో బాగా పెరిగింది. మందుల దుకాణంలో అడిగితే, ఆ కంపెనీవి మాని మరో కంపెనీ ఖరీదైన మాత్రలు వాడమన్నారు. ఈ మాత్రల్లోని మందు లెవోథైరాక్సిన్ ఒక్కో మాత్రలో మైక్రోగ్రాముల లెక్కన ఉంటుంది, వేడికీ తేమకూ చెడిపోతుంది. అది సరిపడా ఉందో లేదో దుకాణదారు చూసి చెప్పలేడు, కొనేవారూ చెప్పలేరు, ధర అసలే చెప్పదు.

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 26వ సెక్షన్ ప్రకారం, తాను కొన్న మందును ఎవరైనా రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకుని, ఆయన సంతకంతో నివేదిక పొందవచ్చు. ఇంత విలువైన హక్కు సంగతి చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంది. తేనాంపేటలోని ఔషధ నియంత్రణ కార్యాలయంలో వివరాలు కనుక్కుని 14-ఎ ఫారం నింపాను. మందు పేరు, ఎక్కడ, ఏ తేదీన కొన్నాము, పరీక్ష ఎందుకు కోరుతున్నాము అన్నవి అందులో రాయాలి. కాబట్టి బిల్లు లేకుండా తక్కువ ధరకు ఇస్తామన్నా మందులు కొనకండి. అదే బ్యాచ్‌లో మూత తీయని సీసా ఇచ్చాను.

నివేదిక కోసం ఎదురుచూస్తున్నన్నాళ్లూ కోల్డ్‌రిఫ్ దగ్గు మందే గుర్తుకొచ్చేది. కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం ఉన్నట్లు 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలింది. అప్పటికే మధ్యప్రదేశ్‌లో అది తాగిన పసిపిల్లలు చనిపోయారు. 1937లో అమెరికాలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది కూడా ఈ రసాయనమే. అమ్మకానికి ముందే మందు సురక్షితమని చూపాలన్న చట్టం అక్కడ ఆ మరుసటి ఏడాదే వచ్చింది. ప్రభుత్వ తనిఖీ అక్కర్లేదు, చెడ్డ సరుకు అమ్మినవాడిని కొనుగోలుదారులే వదిలేస్తారన్న వాదన ఆ పిల్లల తల్లిదండ్రుల ముందు నిలబడదు. అయితే ఆ సిరప్ తయారీదారుకూ అప్పట్లో లైసెన్సు ఉండేది. తనిఖీ చేసే అధికారులు, ప్రయోగశాలలు చాలినన్ని లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోతుంది.

మా మాత్రలు ప్రామాణిక నాణ్యతతో ఉన్నాయని 14-బి ఫారంలో నివేదిక వచ్చింది. "అయితే ఈ శ్రమంతా వృథాయేనా అమ్మా?" అన్నారు అత్తగారు. కాదు. మందు మీద అనుమానం తీరింది కనుకనే డాక్టరుగారు మిగతా మందులన్నీ ఒక్కొక్కటిగా అడిగారు. ఎముకల కోసం కొత్తగా మొదలుపెట్టిన కాల్షియం మాత్రను ఆమె పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటున్నారని అప్పుడు తెలిసింది. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు, రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. దుకాణదారు మాట విని ఉంటే కంపెనీ మారేది, ఖర్చు పెరిగేది, అసలు కారణం అలాగే ఉండేది. సరిగ్గా తయారుచేసిన కంపెనీ నిష్కారణంగా ఒక కొనుగోలుదారును పోగొట్టుకునేది.

కాల్షియం రాత్రికి మార్చాక టి.ఎస్.హెచ్. తగ్గింది. అత్తగారు ఇప్పటికీ ఆ కంపెనీ మాత్రలే వాడుతున్నారు.