కోపాలపురం బస్సు

నిన్న సాయంత్రం చెన్నై టి.నగర్‌లో, తమిళం చదవడం రాని మా అమ్మ ఫోను కెమెరాను బస్సు బోర్డుకేసి పెట్టగా, తెర మీద ‘కోపాలపురం’ అని తెలుగులో కనిపించింది. "ఆ ఊళ్లో అందరూ కోపిష్ఠివాళ్లేనటే?" అని ఆమె అడిగేసరికి నాకు నవ్వాగలేదు. అది గోపాలపురం. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి, చదివేవారు అలవాటును బట్టి పలుకుతారు. 1955లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ తదితరులు ఒక పరిశోధన ప్రతిపాదనలో పేరుపెట్టిన కృత్రిమ మేధ, ఇప్పుడు మన ఫోన్లలో అనువాదం చేస్తున్నా, చెత్త మెయిళ్లను ఏరి పక్కన పెడుతున్నా, అసంఖ్యాకమైన ఉదాహరణలను చూసి నేర్చుకున్న పోలికలతోనే ఊహిస్తుంది. బోర్డు మీద ఒంటరిగా ఉన్న పేరు దగ్గర ఆ ఊహ తప్పింది. అమ్మ మాత్రం ఫోను సంచిలో వేసి కండక్టరునే అడిగింది.