ఒకరికి డప్పు చాటింపు, మరొకరికి సీల్డ్ కవరా?

పరువూ వ్యాపారమూ దెబ్బతింటాయంటూ డబ్బున్నవారు తమ కోర్టు కాగితాలకు సీలు వేయమని అడిగితే ఒప్పుకోవాలా? ముందు మామూలు బాకీదారుకు ఏం జరుగుతుందో చూద్దాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరులో 54వ రూలు అని ఒకటి ఉంది. కోర్టు డిక్రీ ఇచ్చాక కూడా బాకీ కట్టలేకపోయిన మనిషి భూమిని ఎలా జప్తు చేయాలో అది చెబుతుంది. జప్తు ఉత్తర్వును ఆ భూమి దగ్గరే డప్పు కొట్టించి గానీ, అక్కడ వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ చాటించాలి. ఒక ప్రతిని ఆస్తి మీద, మరొకటి కోర్టు ఆవరణలో అంటించాలి. సర్కారుకు శిస్తు కట్టే భూమి అయితే కలెక్టరు కార్యాలయంలోనూ, పల్లెలోని భూమి అయితే గ్రామ పంచాయతీ కార్యాలయంలోనూ అంటించాలి.

హనుమకొండ కోర్టులో సివిల్ దావాలు నడిపే వకీలుగా ఆ కాగితం గోడ మీదికి ఎక్కడం నేను చూస్తూనే ఉంటాను. పరకాల వైపు ఒక పత్తి రైతు ఎరువుల బాకీకి ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. రెండేళ్లు పంట దెబ్బతిని దావా పడింది, డిక్రీ అయింది, డిక్రీని అమలు చేయించమనే పిటిషను (ఈపీ) దాకా వచ్చింది. ఆయన పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, అసలెంత, వడ్డీ ఎంత, అన్నీ పంచాయతీ గోడ మీద అంటించారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు, బిడ్డకు సంబంధం మాట్లాడడానికి వచ్చిన చుట్టాలు కూడా చదివి వెళ్లే చోటు అది. బ్యాంకు అప్పయితే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం నిబంధనల ప్రకారం స్వాధీన నోటీసు రెండు పత్రికల్లో రావాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. ఆ నోటీసులో అప్పు తీసుకున్నవారితో పాటు జామీను ఉన్నవారి పేర్లూ ఉంటాయి.

ఇదంతా తప్పని నేను అనడం లేదు. ఆ భూమిని తెలియక ఇంకెవరూ కొని మోసపోకూడదనే ఆ చాటింపు పెట్టారు. అయితే అదే దేశంలో పెద్ద బాకీదారుల విషయంలో ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. 500 కోట్ల రూపాయలకు మించి బ్యాంకులకు బాకీపడ్డవారి జాబితా ఇమ్మని 2016లో సుప్రీంకోర్టు అడిగినప్పుడు రిజర్వు బ్యాంకు దాన్ని సీల్డ్ కవరులో ఇచ్చి, పేర్లు బయటపెట్టవద్దని కోరింది. అంతకుముందు 2014 అక్టోబరులో విదేశీ బ్యాంకు ఖాతాలున్న 627 మంది పేర్లను కేంద్ర ప్రభుత్వం సీల్డ్ కవర్లలోనే సుప్రీంకోర్టుకు అందజేసింది. కోర్టు వాటిని తెరవకుండానే ప్రత్యేక దర్యాప్తు బృందానికి పంపింది. విదేశంలో ఖాతా ఉండడమే నేరం కాదు కాబట్టి విచారణ తేలేదాకా పేరు దాచాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ బాకీపడడం కూడా నేరం కాదు కదా, మరి ఆ పత్తి రైతు పేరు గోడ మీద ఎందుకుంది?

వ్యాపారం దెబ్బతింటుందని కోర్టు విషయాన్ని దాచమని అడగడం కొత్త సంగతి కాదు. బొంబాయి హైకోర్టులో ఒక పరువునష్టం దావా నడుస్తుండగా, సాక్షిగా వచ్చిన ఒక వ్యాపారి, తన సాక్ష్యం పత్రికల్లో వస్తే వ్యాపారానికి నష్టమని మొరపెట్టుకున్నాడు. జడ్జిగారు దాన్ని ప్రచురించవద్దని నోటిమాటగా ఉత్తర్వు ఇచ్చారు. పత్రికలవాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, న్యాయం బహిరంగంగా జరగాలన్నదే సాధారణ నియమమని గట్టిగా చెబుతూనే, అవసరమైనప్పుడు కోర్టు దాన్ని సడలించవచ్చని ఆ ఉత్తర్వును నిలబెట్టింది. జస్టిస్ హిదయతుల్లా ఒక్కరే ఒప్పుకోలేదు. మిరాజ్కర్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పును నేటికీ రెండు పక్షాలవాళ్లూ ఉదహరిస్తారు. నా మనసు మాత్రం హిదయతుల్లా గారి వైపే ఉంటుంది, ఎందుకంటే వ్యాపార నష్టం ఒక్కటే కారణంగా సరిపోతే, వ్యాపారం ఉన్న ప్రతివాడూ ఆ కారణం చెప్పగలడు, వ్యాపారం లేనివాడు చెప్పలేడు.

రికార్డు తెరిచి ఉండడం వల్ల మేలు పొందేది పత్రికలు మాత్రమే అనుకుంటారు చాలామంది. మా దగ్గర రోజూ జరిగేది వేరు. ఒక వెంచరులో ప్లాటు కొనబోయే టీచరమ్మ వచ్చి, "సార్, బయానా ఇయ్యకముందే ఆయన మీద కేసులేమన్న ఉన్నయా సూసి చెప్పుండ్రి" అంటుంది. ఈకోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరు కొట్టి, పార్టిషన్ దావా గానీ ఇంజంక్షన్ గానీ ఉంటే నంబరు రాసుకుని, అవసరమైతే ఆ ఫైలు నకలు కోసం కాపీ అర్జీ పెడతాం. ఇది ఎందుకంత ముఖ్యమంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం, దావా నడుస్తుండగా ఆ ఆస్తిని కొన్నవారు ఆ దావాలో వచ్చే తీర్పుకు కట్టుబడాల్సిందే. దావా ఉన్నట్టు నాకు తెలియదండీ అన్న మాట అక్కడ చెల్లదు. ఇప్పుడు ఆ వెంచరు యజమాని పరపతి ఉన్నవాడై, తన మీది దావా కాగితాలకు సీలు వేయించుకున్నాడనుకుందాం. తీర్పు టీచరమ్మను కట్టిపడేస్తుంది, దావా మాత్రం ఆమె కంటికి కనబడదు. జీతంలో మిగుల్చుకున్న సొమ్మంతా పోసి కొన్న ప్లాటు పోయాక, తెలుసుకునే దారి లేకపోయిందన్న సంగతిని ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

దాచవలసినవి లేవని కాదు. అత్యాచార కేసుల విచారణ మూసిన గదిలోనే జరగాలి, బాధితురాలి పేరు బయటికి రాకూడదు. పోక్సో కేసుల్లో పిల్లల వివరాలూ, హిందూ వివాహ చట్టం 22వ సెక్షను కింద భార్యాభర్తల తగాదాలూ అంతే. ఈ రక్షణ కూలిమనిషికీ కోటీశ్వరుడికీ సమానంగా దొరుకుతుంది, అందుకే దానితో ఎవరికీ పేచీ లేదు. సంపన్నులు చెప్పే భయాల్లోనూ కొన్ని నిజమైనవే. ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా నంబరు, పిల్లలు చదివే బడి పేరు బయటపడితే ప్రమాదమే. వ్యాపార రహస్యం బయటపడితే పోటీదారు లాభపడతాడు. అలాంటప్పుడు ఆ వాక్యాల మీద నల్లగీత గీస్తే సరిపోతుంది కదా, మొత్తం ఫైలుకే తాళం ఎందుకు?

పైగా డబ్బున్నవారికి మూసిన తలుపు ఒకటి ఇప్పటికే ఉంది. తగాదాను కోర్టుకు తేకుండా ఆర్బిట్రేషన్‌కు (ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గరికి) తీసుకువెళ్తే, ఆర్బిట్రేషన్ చట్టానికి 2019 సవరణతో వచ్చిన 42-ఎ సెక్షను దాన్ని గోప్యంగానే ఉంచుతుంది. తమ ఖర్చుతో తమ మధ్య తేల్చుకుంటారు కాబట్టి దానిమీద నాకు అభ్యంతరం లేదు. ప్రజల పన్నులతో నడిచే కోర్టులో, ప్రజల పేరిట ఇచ్చే డిక్రీకి ఆ వెసులుబాటు ఇవ్వలేం. 2023 ఏప్రిల్‌లో మలయాళ వార్తా చానల్ మీడియావన్ కేసులో జస్టిస్ చంద్రచూడ్, అంతకుముందు మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, సీల్డ్ కవరు పద్ధతి సహజ న్యాయానికీ బహిరంగ న్యాయానికీ విఘాతమని తేల్చారు. అది దేశ భద్రత పేరు చెప్పి ప్రభుత్వం ఇచ్చిన కవరు. దానికే అంత కఠినమైన పరీక్ష పెట్టినప్పుడు, ఒక ప్రైవేటు మనిషి పరువు కోసం అడిగే కవరుకు అంతకంటే తేలికైన పరీక్ష ఉండరాదు.

నిజంగా పేరు దాచవలసిన మనిషి ఒకడున్నాడు, అతన్ని గురించే ఎవరూ మాట్లాడరు. కేసు కొట్టివేసినా, ఉద్యోగానికి పోయిన ప్రతిచోటా పాత ఎఫ్ఐఆర్ వెంటాడే కుర్రవాడు అతను. 2021లో ఢిల్లీ హైకోర్టు, నిర్దోషిగా తేలిన ఒక వ్యక్తి తీర్పు ఇంటర్నెట్ వెతుకులాటలో కనబడకుండా చూడమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆయన హైకోర్టుదాకా వెళ్లగలిగాడు. నర్సంపేట నుంచో భూపాలపల్లి నుంచో వచ్చే పిల్లవాడు హైదరాబాదులో రిట్ వేయించలేడు.

అందుకని నాకు తోచినది ఇది. నిర్దోషిగా విడుదలైనవారు పేరు తొలగించమని విచారణ కోర్టులోనే ఒక చిన్న పిటిషను వేసుకునే వీలుండాలి. ఫైలుకు సీలు వేయమని అడిగే పిటిషను మాత్రం కాజ్‌లిస్టులో (ఆ రోజు విచారించే కేసుల జాబితాలో) పేరుతో సహా రావాలి, అభ్యంతరం చెప్పడానికి బయటివారికీ గడువివ్వాలి, జడ్జిగారు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, ఇచ్చిన సీలుకు కాలపరిమితి ఉండాలి. స్థిరాస్తి దావాల్లో అయితే ఎవరు అడిగినా పేరు, సర్వే నంబరు దాచకూడదు.