కొలిమికి ముందు ప్రార్థన

“అయినను ఆ బలాధిక్యము మా మూలమైనది కాక దేవునిదై యుండునట్లు మంటి ఘటములలో ఈ ఐశ్వర్యము మాకు కలదు” (2 కొరింథీ 4:7). ఈ వాక్యం మీద ప్రసంగం వినని విశ్వాసి మనలో ఉండరేమో. మనం బలహీనులం, కుండ లాంటివాళ్లం అని చెప్పి చాలాసార్లు అక్కడితో ముగిస్తారు. పౌలు అక్కడ ఆగలేదు. పదో వచనానికి వచ్చేసరికి, యేసు మరణానుభవాన్ని మా శరీరంలో ఎల్లప్పుడూ మోసుకుని తిరుగుతున్నాం, ఆయన జీవం కూడా ఈ శరీరంలోనే కనబడాలని, అంటాడు. మట్టి ఒక మరణాన్ని మోయడం ఏమిటి?

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక మట్టి ఫలకం ఉంది. 16వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీలో చేసింది. దాని మీద ప్రభువు పునరుత్థాన దృశ్యం చిత్రించి ఉంది. చేసినవాడి పేరు తెలియదు. అందుకే పండితులు అతన్ని ‘పునరుత్థాన ఫలకం చిత్రకారుడు’ అని పిలుస్తారు. తన పేరు పోయి, ప్రభువు లేచిన సంగతే పేరుగా మిగిలిన మనిషి!

ఇలాంటి పనిని అక్కడ మైయోలికా అంటారు. మట్టిని పలకగా చేసి, ఆరబెట్టి, ఒకసారి కాలుస్తారు. తర్వాత తగరం కలిపిన తెల్లపూతలో ముంచుతారు. ఆ పూత ఆరి పొడిపొడిగా ఉండగానే దాని మీద కుంచెతో బొమ్మ వేయాలి. అద్దుడు కాగితం మీద సిరా పడ్డట్టు రంగు తాకీ తాకగానే లోపలికి ఇంకిపోతుంది. చెరిపి దిద్దే వీలు దాదాపు లేదు. పైగా వేసేటప్పుడు కనిపించే రంగు వేరు, కాలాక వచ్చే రంగు వేరు. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు రాగి, పసుపుకు ఆంటిమొని వాడేవారు. మంచి ఎరుపు మాత్రం ఏ కొద్ది కార్ఖానాలకో సాధ్యపడింది. సిలువ దృశ్యం వేసేవాళ్లకు అదెంత ఇబ్బందో చూడండి: చాలామంది రక్తం దగ్గర నారింజతోనో గోధుమరంగుతోనో సరిపెట్టుకోవాల్సిందే.

బొమ్మ పూర్తయ్యాక మళ్లీ కొలిమిలోకి. ఆ ఘట్టాన్ని ఇటలీలోని కాస్టెల్ దురాంతె ఊరివాడైన చిప్రియానో పిక్కోల్‌పాస్సో 1557 ప్రాంతంలో రాసిపెట్టాడు. మట్టి ఎలా తవ్వాలి, కొలిమి ఎలా కట్టాలి, రంగులు ఎలా నూరాలి అని బొమ్మలతో సహా వివరించి, నిప్పు పెట్టే చోటికి వచ్చాక స్వరం మారుస్తాడు. దేవుడు మనకిచ్చే వాటన్నిటికీ కృతజ్ఞతలు చెబుతూ నిండుమనసుతో ప్రార్థన చేయాలి, అన్నీ యేసు క్రీస్తు నామంలోనే చేయాలని గుర్తుంచుకుని నిప్పు రాజేయాలి అంటాడు. ఆ పక్కనే చంద్రుడి స్థితి కూడా చూసుకోమంటాడు. కృష్ణపక్షంలో కాలిస్తే మంటకు కాంతి తగ్గుతుందని ముసలి పనివాళ్లు చెప్పారట! మన పాస్టరుగారికి ఇది నచ్చదు. నాకైతే ఆ రెండూ ఒకే పేజీలో ఉండడం వల్లే ఆ ప్రార్థన నిజమనిపించింది. చేతనైనదంతా చేసి, ఇక చేతిలో ఏమీ లేనప్పుడు మనిషి చేసే ప్రార్థన అలాగే ఉంటుంది.

కొలిమిలో పూత కరిగి గాజవుతుంది, రంగులు దానితో కలిసిపోతాయి. బొమ్మ ఇక పలక మీద అంటించినది కాదు, పలకలో భాగమే. కాన్వాసు మీది తైలవర్ణాలు కాలం గడిచేకొద్దీ మసకబారతాయి, గోడ మీది చిత్రాలు పెచ్చులూడతాయి. ఈ ఫలకం పగిలితే పగలాలి గానీ రంగు వెలిసిపోదు. పౌలు చెప్పిన మోయడం ఇదేననిపిస్తుంది. సిలువను మెడలో వేసుకోవడం వేరు, అది ఒంట్లో ఇంకిపోవడం వేరు.

బొమ్మలంటే మనలో కొందరికి జంకు. ఆర్సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లకు అలవాటే, మిగతావాళ్లం విగ్రహాలు చేసుకోవద్దన్న నిర్గమకాండము 20వ అధ్యాయం గుర్తుచేస్తాం. ఫలకానికి మొక్కమని నేను అనడం లేదు. ఈ ఈస్టరుకు 2 కొరింథీ నాల్గవ అధ్యాయం తెరిచి ఏడు నుంచి పన్నెండు వరకు ఆపకుండా చదవమంటున్నాను. పన్నెండో వచనం దగ్గర మాత్రం కాసేపు ఆగండి. మరణం మాలోనూ జీవం మీలోనూ పనిచేస్తున్నాయంటాడు పౌలు. కాలేది ఒకరు, బతికేది ఇంకొకరు. కొరింథువాళ్లు ఆ ఉత్తరం విని ఏమనుకున్నారో గానీ, నాకు మాత్రం నాకోసం కాలిన ఇద్దరు ముగ్గురి ముఖాలు వెంటనే గుర్తొచ్చాయి.